బావ నవ్వే దాకా

బావకి జోకు చెప్పడమంటే దూరపు ఊరికి పార్శిల్ వెయ్యడమే. చేరుతుందన్నదాంట్లో అనుమానం లేదు, ఎప్పుడు చేరుతుందన్నదే మన చేతిలో ఉండదు. భోజనాల దగ్గర ఎవరో ఒక మాట అంటారు. అందరూ నవ్వుతారు, నవ్వడం అయిపోతుంది, కూర ఇటు జరుపు, నీళ్లు పొయ్యి అనుకుంటూ ఇంకో మాటలో పడతారు. అప్పుడు బావ ముద్దని నోటి దగ్గర ఆపి, భుజాలు కదుపుతూ మొదలుపెడతాడు. మొదలయ్యాక ఇక పట్టపగ్గాలుండవు. కళ్లల్లో నీళ్లొస్తాయి, పొలమారుతుంది, అక్క లేచి నెత్తిన తడుతుంది. ఇప్పుడేమైందని ఈయన నవ్వుతున్నాడని చుట్టాలు మొహమొహాలు చూసుకుంటారు. మంచివాడే గాని కాస్త మందమని వెనకాల అనుకునేవారు కూడా. మందమూ లేదు, మట్టీ లేదు. అన్నాన్ని నమిలినట్టే మాటని కూడా నెమ్మదిగా నమిలే మనిషి, అంతే.

ఆ ఇంటికి, రెండ్రోజులుండి పోతానని చేతిసంచీతో వచ్చాడు అక్క తమ్ముడు. ఊరంతా తర్వాత అతన్ని బావమరిది అనే పిలిచింది కాబట్టి మనమూ ఇప్పట్నుంచే అలా పిలుచుకుంటే సరిపోతుంది. ఉద్యోగం వెతుక్కుంటానన్నాడు. వెతికాడు కూడా, లేనిపోని నింద వెయ్యకూడదు. పొద్దున్నే తల నున్నగా దువ్వుకుని బయల్దేరేవాడు, మధ్యాహ్నం భోజనానికి ఠంచనుగా దిగేవాడు. ఉద్యోగం దొరకలేదు గాని భోజనం ఒక్కపూట కూడా తప్పలేదు. అలా రెండ్రోజులు కాస్తా నెలలయ్యాయి, నెలలు ఏళ్లయ్యాయి. ముందు గదిలో ఉన్న సోఫా అతని పడకయింది. సంచీ మాత్రం సోఫా కిందే ఉండేది, రేపో మాపో వెళ్లేవాడిలాగ.

ఇంటి కిందే బావ దుకాణం. పాత సోఫాలూ కుర్చీలూ విప్పి, స్ప్రింగులు బిగించి, కొత్త గుడ్డ తొడిగి ఇచ్చే పని. ఎప్పుడు చూసినా జిగురు వాసన, నేల మీద పీచు, స్పాంజి ముక్కలు. ఊరికే కూర్చుంటే మనిషి పాడవుతాడని బావ అతన్ని దుకాణంలోకి దింపి, వంకర సూది పట్టుకోవడం నేర్పాడు. నేర్పడమైతే జరిగింది, నేర్చుకోవడం జరగలేదు. అతను వేసిన ప్రతి కుట్టూ సాయంత్రం బావ విప్పి మళ్లీ వేసుకునేవాడు. ఆ విప్పేది కూడా అతను పైకి వెళ్లాకే విప్పేవాడు, కళ్లెదుట విప్పితే చిన్నబుచ్చుకుంటాడని.

చెయ్యి పని చెయ్యకపోయినా నోరు బాగానే పని చేసేది. వచ్చిపోయే వాళ్ల మీద, వాళ్ల సోఫాల మీద, సోఫాల సందుల్లో దొరికే దువ్వెనలూ బొత్తాల మీద ఏదో ఒకటి అంటూనే ఉండేవాడు. అని, ఆగేవాడు. అదొక్కటే అతని ప్రత్యేకత. మిగతావాళ్లలా తర్వాతి మాటలోకి దూకేవాడు కాదు. సుత్తి కిందపెట్టి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, బావ వంకే చూస్తూ కూర్చునేవాడు. ముందు బావ ఎడమ కనుబొమ్మ కాస్త లేచేది. తర్వాత పెదవి చివర కదిలేది. తర్వాత భుజాలు. ఆ నవ్వు అలా మెట్టు మెట్టుగా ఎక్కిరావడం చూడటమంటే అతనికి ఎక్కడలేని సరదా. దాని కోసం ఎంతసేపైనా ఆగేవాడు.

ఒకసారి టీవీ స్టూడియో నుంచి ఆర్డరు వచ్చింది. వారం వారం వచ్చే కామెడీ సీరియల్ ఒకటి కొత్తగా మొదలుపెడుతున్నారు, అందులో ఇంటికి సోఫా కావాలి. చూస్తే పాతదిగా ఉండాలి, కూర్చుంటే విరక్కూడదు. బావ ఒక ముసలి సోఫాని విప్పి, లోపలి పేగులన్నీ కొత్తవి వేసి, పైన మాత్రం వెలిసిపోయిన ఆకుపచ్చ గుడ్డే తొడిగాడు. షూటింగు రోజు పొద్దున ఇద్దరూ చెరోవైపూ పట్టుకుని స్టూడియోలోకి మోసుకెళ్లారు.

అక్కడ ఒక ఇంటి హాలు కట్టారు, మూడు గోడలతో. నాలుగో గోడ ఉండాల్సిన చోట మెట్లు మెట్లుగా కుర్చీలు, కుర్చీల నిండా జనం. నటులు మాట్లాడుతుంటే ఆ జనం నిజంగా నవ్వుతారు, ఆ నవ్వుని కూడా మాటలతో పాటే రికార్డు చేస్తారు. అదీ అక్కడి పద్ధతి. మొదటి సీన్లో సోఫా తెచ్చేవాడి వేషం ఒకటుంది, ఒక్క మాట. ఆ వేషం వెయ్యాల్సినవాడు ఎగ్గొట్టాడు. చొక్కా అంతా చెమటతో తడిసిపోయి, గిన్నె కింద మంట ఎక్కువైనట్టు ఉడికిపోతున్న లావుపాటి సీరియల్ డైరెక్టరు, సోఫా మోసుకొచ్చిన ఇద్దరి వంకా చూశాడు. బావ ఒక అడుగు వెనక్కి వేశాడు. బావమరిది వెయ్యలేదు.

సోఫా ఎక్కడ పెట్టమంటారని అడగాలి, ఇంటావిడ వేషంలో ఉన్నామె చోటు చూపిస్తుంది, పెట్టేసి వెళ్లిపోవాలి. పెట్టడం దాకా బుద్ధిగానే చేశాడు. కాని సోఫా కనబడితే కూర్చోవడం అతనికి ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. కూర్చున్నాడు. కూర్చున్నాక మాట కూడా దానంతటదే వచ్చేసింది.

"ఇక్కడే బాగుందమ్మా. భోజనం ఎన్నింటికి?"

అని, ఆగాడు. దుకాణంలో ఆగినట్టే. లైటు స్టాండు పక్కన నిలబడ్డ బావ మొహం వంక చూస్తూ, ఏమీ ఎరగనట్టు. హాలంతా చీమ చిటుక్కుమంటే వినిపించేలా ఉంది. ఇంటావిడ తన తర్వాతి మాట మర్చిపోయింది. డైరెక్టరు తల పట్టుకున్నాడు. బావమరిదికి ఇవేవీ పట్టలేదు, అతని చూపంతా బావ కనుబొమ్మ మీదే ఉంది. అతను అలా తాపీగా కూర్చున్న కొద్దీ కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు, వెనక వరసలో ఇంకెవరో. ఈలోపు బావకి జోకు చేరింది. భళ్లున నవ్వాడు. ఆ నవ్వుతో జనమంతా గోడ కూలినట్టు కూలబడి నవ్వారు.

సీనయ్యాక డైరెక్టరు వచ్చాడు. తిడతాడేమోనని ఇద్దరూ సోఫాకి చెరోవైపూ చేరి, ఎత్తుకుపోవడానికి సిద్ధమయ్యారు.

"ఏవయ్యా, ఆ ఆగడం ఎక్కడ నేర్చుకున్నావు?"

ఎక్కడా నేర్చుకోలేదనీ, సోఫా దుకాణంలో ఉంటాననీ చెప్పాడు. అది నిజమే. ఆ నిజంలోనే అసలు జవాబు కూడా ఉందని అతనికి అప్పుడు తెలీదు.

తర్వాతి వారానికల్లా అతన్ని ఆ ఇంటావిడకి తమ్ముడిగా రాసేశారు. రెండ్రోజులుండి పోతానని వచ్చి ఆకుపచ్చ సోఫా మీంచి లేవని బావమరిది. మొన్న సోఫా మోసుకొచ్చినవాడు ఇవాళ తోడబుట్టినవాడు ఎలా అయ్యాడని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నారు. మందుల షాపులో, బస్సులో, బ్యాంకులో, ఎక్కడ కనబడినా మగవాళ్లు "ఏం బావమరిదీ, భోజనం అయిందా?" అని పలకరించేవారు. అంటే ఊళ్లో మగాళ్లందరికీ తమ భార్య తమ్ముడయ్యాడన్నమాట. అంతమంది బావలు ఏ మనిషికీ ఉండి ఉండరు. ఆడవాళ్లు మాత్రం కోప్పడేవారు. అక్క సొమ్ము ఎన్నాళ్లు తింటావు, ఏదైనా పని చూసుకోకూడదూ అని ఒకావిడ నడిరోడ్డు మీద నిలబెట్టి బుద్ధి చెప్పింది. అతను చేతులు కట్టుకుని విన్నాడు. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేముంది?

అతని అసలు అక్కకీ, అసలు బావకీ కూడా ఆ పేరులో వాటా దక్కింది. కూరల కొట్టులో అక్కని చూసి పాపం అనేవారు. బావనైతే దుకాణంలోకి వచ్చి మరీ ఓదార్చేవారు, మీ ఓపికకి దండం పెట్టాలండీ అని. టీవీలో బావ వేరు, నేను వేరు అని చెబుదామని బావ అనుకునేవాడు. ఆ మాట కూడదీసుకునేలోపు వాళ్లు వెళ్లిపోయేవారు.

చేతికి జీతం వచ్చింది, ఉండటానికి ఫ్లాటు వచ్చింది. సోఫా కింది సంచీ చివరికి బయటికొచ్చింది. అక్క గిన్నెలు సర్ది ఇచ్చింది. బావ కొత్త ఇంటికి ఒక సోఫా చేసి మోయించుకొచ్చి గోడవారగా పెట్టి, కూర్చుని చూసి, లేచి వెళ్లిపోయాడు. బావమరిది మంచం కూడా కొనుక్కున్నాడు గాని పడుకునేది మాత్రం సోఫా మీదే. అతను కృతజ్ఞత లేనివాడు కాదు. తన కోసం సెలవు పెట్టుకుని వచ్చి కుర్చీల్లో కూర్చునే జనాన్ని చూస్తే అతనికి నిజంగా కడుపు నిండిపోయేది. షూటింగు అయ్యాక ఆఖరి మనిషి వెళ్లేదాకా నిలబడి అందరికీ దండం పెట్టేవాడు. బావకి కూడా ఒక మాట చెప్పాలని ఉండేది. సొంతవాళ్లకి అలాంటివి ఎలా చెబుతారో అతనికి తెలీదు. నోరు తెరిస్తే జోకే వచ్చేది. సర్లే, బావకి తెలీదా ఏమిటి అని ఊరుకునేవాడు.

మొదట్లో బావ ప్రతి షూటింగుకీ వచ్చి లైటు స్టాండు పక్కన నిలబడేవాడు. తర్వాత దుకాణంలో పని ఎక్కువైంది, టీవీలో చూస్తాన్లేరా అన్నాడు. ఆ స్టాండు పక్క చోటు ఖాళీ అయింది. ఆగడానికి బావమరిదికి ఒక మొహం కావాలి. ఎదురుగా కుర్చీల నిండా మొహాలున్నాయి. మాట అనడం, పక్కనున్న నటుణ్ని వదిలేసి కళ్లు అలా కుర్చీల వైపు తిప్పడం, నవ్వు వచ్చేదాకా ఆగడం. కుర్చీలు బావలా బతిమాలించుకునేవి కావు, ఇలా ఆగితే అలా నవ్వేవి. పని సుళువైంది. ఎప్పుడు మారిందో తెలీకుండానే చూపు అటు మారిపోయింది.

ఇలా ఉండగా సినిమా పిలుపు వచ్చింది. దర్శకురాలు సన్నగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వార్డులో టీవీ నడుస్తుంటే, ఎన్నో రోజులుగా పలకని ఆవిడ బావమరిదిని చూసి నవ్విందట. అమ్మ ఇంటికి రాలేదు గాని ఆ నవ్వు నాకు మిగిలిందండీ, అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను అంది. తమ్ముడి పాత్ర. సగం సినిమా నవ్వించాలి, ఆ తర్వాత ఒక్క సీన్లో ఏడిపించాలి.  బావమరిది ఆవిడకి దండం పెట్టి, సరేనండీ అన్నాడు.

సినిమా కోసం సీరియల్ వదులుకోవాల్సి వచ్చింది. బావమరిదికి ఉద్యోగం దొరికి వెళ్లిపోయినట్టు రాశారు. అంత నమ్మశక్యం కాని కథ ఆ సీరియల్లో అంతకుముందెన్నడూ రాలేదు. అతని చోట్లోకి ఒక మరదలు పాత్ర వచ్చింది, జనానికి ఆ అమ్మాయి బాగానే నచ్చింది. కాబట్టి వెనక్కి దారి లేదు. ముందుకే పోవాలి.

ముందుకు పోతే నిశ్శబ్దం. సినిమా షూటింగులో కెమెరా తిరుగుతున్నప్పుడు ఎవరూ దగ్గకూడదు కూడా. అతను మాట అనేవాడు, అలవాటుగా ఆగేవాడు. నవ్వు రాదు. ఎలా వస్తుంది, నవ్వకూడదని కదా రూలు. ఆ నిశ్శబ్దంలో అతనికి వీపున చెమటలు పట్టేవి. బాగాలేదేమో, నచ్చలేదేమో అని రెండో మాటని ఇంకాస్త గట్టిగా అనేవాడు. చిన్న చిన్న సీన్లలో ఇలా ఆగినవన్నీ ఎడిటింగులో కత్తిరించుకోవచ్చని దర్శకురాలు ఏమీ అనలేదు. పెద్ద సీను మాత్రం అలా కాదు. అది మొదటినుంచి చివరిదాకా కెమెరా ఆపకుండా ఒకే ముక్కగా తియ్యాలి, అందులో కత్తెర పెట్టే చోటే లేదు.

ఆ సీన్లో, సినిమా కథలోని అన్నయ్య దుకాణం మూతపడింది. మూసిన తలుపు ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అన్నయ్యగా వేస్తున్నది పెద్దాయన, జీవితమంతా సినిమాల్లోనే గడిపిన నటుడు. తమ్ముడు వచ్చి మూడు మాటలు చెప్పి అతన్ని తన ఇంటికి తీసుకెళ్లాలి. "పద అన్నయ్యా, మా ఇంటికి పోదాం. నా మంచం నువ్వు తీసుకో, నేనెక్కడైనా పడుకుంటాను. ఎన్నాళ్లుంటావని మాత్రం అడగను."

పొద్దున్నుంచి తీస్తున్నారు. మొదటి మాట అనగానే బావమరిది ఆగుతున్నాడు, కళ్లు కెమెరా పక్కకి పోతున్నాయి. మంచం మాటయితే అచ్చం సీరియల్లో జోకులా వస్తోంది. ఒకసారి ఎవరో అసిస్టెంటు ఆపుకోలేక ముక్కుతో నవ్వాడు. బావమరిది మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది, ఆ వెలుగుతో సీను మొత్తం ఆరిపోయింది. పెద్దాయన విసుక్కోకుండా మళ్లీ మళ్లీ అదే మెట్టు మీద కూర్చున్నాడు. అతను విసుక్కుని ఉంటే బావమరిదికి కాస్త తేలిగ్గా ఉండేది.

మధ్యాహ్నం దాటాక దర్శకురాలు పని ఆపించి, బావమరిదిని పిలిచి, తీసినదంతా తెర మీద చూపించింది. ప్రతి మాట తర్వాతా అతని కళ్లు పెద్దాయన భుజం మీదుగా ఎక్కడికో పోతున్నాయి.

"ఇక్కడ ఎవర్ని చూస్తున్నారు?" అని అడిగింది.

అతను తలెత్తి అటు చూశాడు. ఒక లైటు స్టాండు, ఒక ఖాళీ కుర్చీ, కుర్చీ వీపుకి తగిలించిన ఎవరిదో కోటు. ఎవరూ లేరండీ అని నీళ్లు నమిలాడు.

ఆవిడ కోప్పడలేదు. రేపు పొద్దున ఇంకొక్కసారి తీద్దామంది. అప్పటికీ రాకపోతే ఈ సీను తమ్ముడి పాత్ర నుంచి తీసేసి పక్కింటాయన పాత్రకి ఇస్తానంది. చెప్పకుండా చెయ్యడం ఇష్టం లేక ముందే చెబుతున్నానంది. ఆ సీను పోతే అతని పాత్రలో మిగిలేది నాలుగు నవ్వులు. సోఫా మీంచి లేచినా ఏమీ చెయ్యలేనివాడని ఊరికి తెలిసిపోతుంది. ఆసుపత్రి మంచం మీద నవ్విన ఆవిడ పేరు చెప్పి ఇచ్చిన వేషం అది. దాన్ని పాడు చేస్తున్నానన్న బాధ, వేషం పోతుందన్న భయం కంటే ఎక్కువగా పట్టుకుంది అతన్ని.

ఫ్లాటుకి పోబుద్ధి కాలేదు. ఇంకా పొద్దు ఉండగానే అక్క ఇంటికి వెళ్లాడు. దుకాణంలో బావ ఒక కుర్చీని తలకిందులుగా పెట్టి, దాని అడుగున మేకులు పీకుతున్నాడు. వచ్చావా అన్నట్టు తల ఊపాడు. అక్క తమ్ముడి మొహం చూసి, ఆ పూట భోజనం తొందరగా వడ్డించింది.

 ఆ ఇంట్లో అతను మాట్లాడకుండా తిన్న భోజనం అదే మొదటిది. అక్క అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. అప్పుడు అడిగాడు.

"బావా, రెండ్రోజులని వచ్చి ఇన్నేళ్లు మీమీద పడి తిన్నాను. ఎప్పుడెళ్తావని నువ్వొక్కసారి కూడా అడగలేదు. మొహం కూడా అలా పెట్టలేదు. ఎందుకని?"

ఇందులో జోకు లేదు. అతనే వెతుక్కున్నా దొరకలేదు. అడిగి, బావ మొహం వంక చూస్తూ ఆగాడు. బావ నములుతున్నాడు. ఎడమ కనుబొమ్మ కాస్త లేచింది. పెదవి కదిలినట్టే కదిలి ఊరుకుంది. గిన్నె మూత చప్పుడు, పైన ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో బావమరిదికి చెమట పట్టలేదు. భయం వెయ్యలేదు. ఇంకా ఎంతసేపైనా ఇలాగే ఉండొచ్చనిపించింది. పొద్దున్నుంచి తనని చంపుకుతిన్న నిశ్శబ్దం ఇదేనా అని అతనికే ఆశ్చర్యమేసింది.

"కాసిని నీళ్లు పొయ్యి," అన్నాడు బావ అక్కతో.

"ఆయన్ని ఇప్పుడడిగితే వచ్చే ఏడాది చెబుతార్రా. నువ్వు తిను," అంది అక్క.

అతను నవ్వాడు. నవ్వుతుండగానే తెలిసొచ్చింది. ఇక్కడ తను ఆగేది నవ్వు కోసం కాదు, బావ కోసం. నవ్వు ఎప్పుడో వస్తుంది, రాకపోయినా ఫరవాలేదు, మనిషి ఎదురుగా ఉన్నాడు కదా. అక్కడ మాత్రం ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి, లేని కుర్చీల వైపు చూస్తున్నాడు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి మళ్లీ ఈ ఇంటి అన్నం తినాల్సి వచ్చింది. ఇంకో ముద్ద పెట్టమని కంచం చాపాడు.

మర్నాడు పొద్దున మెట్ల మీద పెద్దాయన కూర్చున్నాడు. కెమెరా తిరిగింది. "పద అన్నయ్యా, మా ఇంటికి పోదాం," అని బావమరిది ఆగాడు. పెద్దాయన మొహం వంక చూస్తూ ఆగాడు. అంత దగ్గరగా ఆ మొహాన్ని అతను చూడటం అదే మొదలు. కంటి కింద సన్నటి మచ్చ ఒకటుంది, నిన్నంతా అది కనపడనే లేదు. మంచం మాట అన్నాడు. అది జోకులా రాలేదు, నిజంగానే మంచం ఇస్తున్నవాడిలా వచ్చింది. మూడో మాట అని మళ్లీ ఆగాడు, ఏమీ కోరకుండా. పెద్దాయన గడ్డం వణికింది. రాసినదాని ప్రకారం అతను లేచి తమ్ముడి వెంట నడవాలి. లేవలేదు. మెట్టు మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. బావమరిది వెళ్లి ఆ చోట్లో కూర్చున్నాడు. ఇద్దరూ రోడ్డు వైపు చూస్తూ అలా ఉండిపోయారు. కెమెరా తిరుగుతూనే ఉంది, దర్శకురాలు ఆపమనడం మర్చిపోయింది.

చివరికి ఎప్పటికో ఓకే అంది, అదీ సగం గొంతుతో.  పెద్దాయన ముక్కు తుడుచుకుని, బావమరిది మోకాలి మీద చెయ్యి వేశాడు.

"నిన్న నువ్వు నా పక్కనుంచి మాట్లాడావయ్యా. ఇవాళ నాతో మాట్లాడావు."

బావమరిది వంగి ఆయన చేతిని రెండు కళ్లకీ అద్దుకున్నాడు. నిన్నంతా తన కోసం అదే మెట్టు మీద కూర్చున్న మనిషి మరి.

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నం ఆటకి అక్కనీ బావనీ తీసుకెళ్లాడు. అక్క దాచుకున్న చీర కట్టుకుంది. బావ కూర్చునే ముందు సీటుని అరచేత్తో నొక్కి చూశాడు, అంచున కుట్టు తడిమి చూశాడు, అప్పుడు కూర్చున్నాడు. మొదటి సగం హాలు విరగబడి నవ్వింది. బావ నవ్వలేదు. ఆ పార్శిల్ ఇంకా దారిలో ఉందని బావమరిదికి తెలుసు కాబట్టి కంగారు పడలేదు. తర్వాత మెట్ల మీది సీను వచ్చింది. అంత పెద్ద హాలు ఊపిరి బిగబట్టినట్టయింది. అంతమంది ఉన్నచోట అంత నిశ్శబ్దాన్ని అతను ఎప్పుడూ వినలేదు. వెనక ఎవరో ముక్కు చీదారు. అక్క చీకట్లో తమ్ముడి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

ఆట అయ్యాక బయట జనం చుట్టుముట్టారు. బావమరిదీ, బావమరిదీ అని భుజాలు తట్టారు. ఒకాయన మాత్రం దగ్గరికొచ్చి, మా తమ్ముడికి ఫోన్ చెయ్యాలండీ అని, ఇంకేమీ చెప్పకుండా పక్కకి వెళ్లి నిజంగానే ఫోన్ తీశాడు.  ఈలోపు అక్క జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"మీ బావ లోపలే కూర్చున్నార్రా. ఎంత పిలిచినా లేవట్లేదు."

అతను మళ్లీ లోపలికి వెళ్లాడు. లైట్లన్నీ వేసేశారు. ఊడ్చేవాళ్లు వెనక వరసల నుంచి చీపుర్లతో వస్తున్నారు. అతను తెర పక్క తలుపులోంచి వచ్చాడు కాబట్టి కుర్చీలన్నీ ఎదురుగా కనబడ్డాయి. వరస మీద వరస, మెట్టు మీద మెట్టు, అన్నీ ఖాళీ. మధ్యలో ఒక్క కుర్చీలో బావ. భుజాలు కదులుతున్నాయి. దగ్గరికెళ్లేసరికి కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నవ్వుతున్నాడు. మొదటి సగంలో కొత్త చెప్పుల జోకు ఉంది, అది ఇప్పటికి చేరింది. ఏమైంది బావా, పద పోదాం అనలేదు బావమరిది. ఎదురుగా నిలబడి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి, ఆ నవ్వంతా అయ్యేదాకా ఆగాడు.

బావ చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు, నిన్న రాత్రి ఆపిన మాటని ఇవాళ అందుకున్నట్టు, తాపీగా చెప్పాడు.

"నిన్నెందుకు పొమ్మనలేదని ఆ రోజు అడిగావు కదూ. నాకు మాట అందేలోపు అందరూ ఎక్కడికో వెళ్లిపోతార్రా. వాళ్ల తప్పు కాదు, ఎవరి పనులు వాళ్లకుంటాయి. నువ్వొక్కడివే సుత్తి కిందపెట్టి ఆగేవాడివి. అలా ఆగేవాణ్ని ఎలా పొమ్మంటాను?"

 ఇన్నాళ్లూ బావమరిది తను ఆ ఇంటి అన్నం తిన్నానని అనుకున్నాడు గాని, ఆ ఇంటికి తను కూడా ఏదో పెట్టాడని ఎప్పుడూ అనుకోలేదు. నాలుక చివర ఒక జోకు తయారుగా ఉంది, మంచిదే. దాన్ని మింగేశాడు.

"నాకు ఆగడం నేర్పింది నువ్వే బావా. ఇవాళ నేను తింటున్న అన్నం కూడా నీదే," అన్నాడు.

 బావ సీటు అంచున లేచిపోయిన కుట్టుని బొటనవేలితో లోపలికి నొక్కుతున్నాడు. ఊడ్చేవాళ్లు ఆ వరసకి వచ్చి కాస్త కాళ్లు ఎత్తమన్నారు. బావ కాళ్లు ఎత్తాడు. ఆ మాట బావకి చేరడానికి ఇంకా టైము పడుతుంది. బావమరిది పక్క కుర్చీలో కూర్చుని, తనూ కాళ్లు ఎత్తాడు.